మా ఫ్లాటు నంబరు 13. మార్చమంటున్నారు, మార్చాలా?

సందేహాలరావు
మా భవనంలో తలుపు మీద 13 అని ఉన్న ఫ్లాటు మాది. కొన్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు నివాసుల సంఘం కొత్త నంబరు పలకలు చేయిస్తూ, పనిలో పనిగా మా నంబరును 12ఎ చేస్తామని కబురు పెట్టింది. "మీ మంచి కోసమే" అంటున్నారు. నాకు ఏ అంకె మీదా పగ లేదు, ప్రేమా లేదు. మార్చవద్దన్నాను. దానికి పక్కింటాయన, "నమ్మకమే లేనప్పుడు మారిస్తే మీకు పోయేదేముంది?" అన్నారు. అప్పటి నుంచి ఆ ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. నమ్మని వాడికి ఏ నంబరైతే ఏమిటి? కానీ మార్చడానికి మనసు ఒప్పడం లేదు. ఎందుకు ఒప్పడం లేదో కూడా చెప్పలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

తుంటరి
12ఎ అంటే 1, 2, పైగా 'ఎ' మొదటి అక్షరం కాబట్టి ఇంకో 1. కలిపితే నాలుగు. 13లో 1, 3 కలిపినా నాలుగే. పలక డబ్బులు దండగ.

వలసపక్షి
నాలుగైతే మరీ ప్రమాదం, తుంటరీ! చైనా, జపాన్, కొరియాల్లో పదమూడును పెద్దగా పట్టించుకోరు, హడలంతా నాలుగంటేనే. అక్కడ ఆ అంకె పలికితే చావు మాటలా వినిపిస్తుంది. లిఫ్టులో మూడో మీట తర్వాత ఐదో మీట ఉండటం కళ్లారా చూశాను. ఎనిమిదైతే నెత్తిన పెట్టుకుంటారు. బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభానికి 2008 ఆగస్టు 8, రాత్రి 8 గంటలు ఎంచుకున్నది అందుకే. ఇటలీ వాళ్లకు 17 పడదు. స్పెయిన్‌లో 13వ తేదీ మంగళవారం వస్తే గుబులు, శుక్రవారం వస్తే హాయిగా నిద్రపోతారు. దురదృష్టం కూడా పాస్‌పోర్టు చూసి మరీ పట్టుకుంటుందన్నమాట.

నిదానమే_ప్రధానం
సందేహాలరావు గారూ, మీ పక్కింటాయన మాటను కొట్టిపారేయకండి. నేను ఇళ్ల క్రయవిక్రయాల్లో ఉన్నాను. పదమూడు అని వినగానే గడప కూడా తొక్కకుండా వెనుదిరిగిన వాళ్లను చూశాను. వాళ్లలో ఒక్కరైనా "నాకు భయం" అనరు. "మాకేమీ లేదండీ, ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపు" అంటారు. నమ్మేది ఎప్పుడూ ఇంట్లో ఇంకొకరే. మీకు నమ్మకం లేకపోవచ్చు, రేపు మీ దగ్గర కొనేవాడి ఇంట్లో ఆ ఇంకొకరు ఉంటారు. మార్చేయండి, గొడవ వదిలిపోతుంది.

పిల్లిమీసం
మా ఇంట్లో ఆ "ఇంకొకరు" నేనే. దాచుకోవలసిన పనేమీ లేదు. పిల్లి ఎదురొస్తే ఆగుతాను, నిచ్చెన కింద నుంచి వెళ్లను, అరచేయి దురదపెడితే డబ్బు వస్తుందని సంతోషిస్తాను. దీనివల్ల ఎవరికి నష్టం?

కందిరీగ
నష్టం లేదనుకోవడమే అసలు నష్టం. ఒక్క అంకెకు భయపడేవాడు రేపు ఒక మనిషికీ భయపడతాడు. సందేహాలరావు గారూ, ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గకండి.

పిల్లిమీసం
అమ్మో, అరచేతి దురద నుంచి అంత దూరం వెళ్లిపోయారా!

నిప్పుకోడి
అగ్నిమాపక దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నమ్మకాల సంగతి నాకు అనవసరం, నంబర్ల సంగతి చెబుతాను. వరుస తప్పిన నంబర్లు మా పాలిట శాపం. బయట నిలబడి కిటికీల వరుసలు లెక్కపెడితే మంట కనిపించేది పదిహేనో అంతస్తు. ఫోను చేసినవాళ్లు చెప్పేది పదిహేడు. ఎందుకంటే మధ్యలో నాలుగునూ పదమూడునూ మింగేశారు. పొగలో మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాడికి ఆ తేడా చిన్నది కాదు. కెనడాలోని వాంకూవర్ నగరం 2015లో ఈ దాటవేతలను ఆపేసింది. కొత్త భవనాల్లో 4, 13 సహా అంతస్తులన్నీ వరుసగా ఉండాల్సిందేనని ఆదేశించింది. అత్యవసర సిబ్బంది తికమకపడకూడదన్నదే కారణం. శాస్త్రీయ దృక్పథం గురించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

సందేహాలరావు
ఇది సంఘం సమావేశంలో పనికొస్తుంది. రాసిపెట్టుకున్నాను.

నిదానమే_ప్రధానం
అంతస్తు వేరు, తలుపు వేరు. 12 పక్కన 12ఎ కనుక్కోలేనివాళ్లు ఎవరుంటారు?

నిప్పుకోడి
కంగారులో ఉన్న మనిషి ఫోనులో "పన్నెండు ఎ" అంటే అవతలివాళ్లకు "పన్నెండే" అని వినిపిస్తుంది. పన్నెండులో ఉన్నవాళ్లు హాయిగా టీవీ చూస్తుంటారు.

తుంటరి
ఇంతకుముందు 12ఎకు నేను చెప్పిన సంఖ్యాశాస్త్రం కంటే ఇదే గట్టిగా ఉంది. ఒప్పుకుంటున్నాను.

రాత్రిపాళీ
నేను నర్సుని, అత్యవసర విభాగంలో. మా దగ్గర పదమూడు పట్టింపు లేదు కానీ ఒక మాట మాత్రం నిషిద్ధం. "ఈ రాత్రి ప్రశాంతంగా ఉంది" అని ఎవరూ అనకూడదు. కొత్తగా చేరిన డాక్టరు నోరు జారితే అందరూ అతనికేసి చూసే చూపు మీరు చూడాలి. ఆ తర్వాత అంబులెన్సు వచ్చిందంటే ఆ పాపం అతనిదే! ఇలాంటి నమ్మకం చాలా దేశాల ఆసుపత్రుల్లో ఉంది. ఇంగ్లండులో కొందరు దీన్ని సరదాగా పరీక్షించారు. 61 రోజుల పాటు, కొన్ని రోజుల్లో ఆ మాట పలికి, కొన్ని రోజుల్లో పలకకుండా ప్రయోగశాల సిబ్బంది మీద పడిన పని ఎంతో లెక్కగట్టారు. మాట పలికిన రోజుల్లో పని పెరగలేదని 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆ వ్యాసం మా వాళ్లందరికీ చదివి వినిపించాను.

కందిరీగ
విని ఏమన్నారు?

రాత్రిపాళీ
"పాళీ అయిపోయాక చదవలేకపోయావా" అన్నారు.

పుస్తకాలపురుగు
రాత్రిపాళీ గారు చెప్పిన దానిలోనే అసలు కీలకం ఉంది. అన్నాక అంబులెన్సు వచ్చిన రాత్రి గుర్తుంటుంది, అన్నా ఏమీ జరగని రాత్రి ఎవరికీ గుర్తుండదు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో పావురాలతో చేసిన ప్రయోగం ఉంది. ఆకలితో ఉన్న పావురాన్ని పెట్టెలో ఉంచి, అది ఏం చేసినా, ఏమీ చేయకపోయినా కొన్ని సెకన్లకోసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు తలా ఒక తంతు పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఒకటి పెట్టె మూలకు తల విసురుతుంది, మరొకటి లోలకంలా ఊగుతుంది. గింజ పడిన క్షణంలో తాము చేస్తున్న పని వల్లే పడిందనుకున్నాయన్నది ఆయన వాదం. ఆ పెట్టెలో మనం ఉన్నా అంతే చేస్తాం.

లెక్కలమాష్టారు
పుస్తకాలపురుగు గారు కథ సగంలో ఆపేశారు. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే ఇద్దరు అదే ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా గమనిస్తూ చేశారు. గింజ పడే వేళ దగ్గరపడేకొద్దీ పావురాలు ఎవరి తంతు వాళ్లు చేయలేదు. దాదాపు అన్నీ ఒకే రకంగా ముక్కుతో పొడవడం మొదలుపెట్టాయి. తిండి వస్తోందని ఆత్రపడే పక్షి చేసే సహజమైన పని అది. దానిలో మూఢనమ్మకం చూసింది మనమే.

పుస్తకాలపురుగు
తెలుసండీ. అయినా మనుషుల విషయంలో స్కిన్నర్ మాట పూర్తిగా తీసివేయదగినది కాదు.

తుంటరి
ఆ పావురాలు తమలో తాము ఏమనుకుని ఉంటాయో. "నేను మెడ తిప్పితే మనిషి వచ్చి నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటాడు, పాపం, మూఢుడు."

మూలకుర్చీ
పావురాల దాకా ఎందుకు, క్రికెట్ చూసేటప్పుడు మా ఇంటికి రండి. వికెట్లు పడకపోతే ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే. నేను మూల కుర్చీలో ఉన్నప్పుడు ఒకసారి గెలిచారని ఆ కుర్చీ నాకు శాశ్వతమైంది. వెన్ను విరిగిపోతున్నా లేవనివ్వరు. ఇంతకీ 111 గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? స్కోరు 111కు చేరితే ఇంగ్లండు వాళ్లు 'నెల్సన్' అంటారు, వికెట్ పడుతుందని భయం. అంపైర్ డేవిడ్ షెపర్డ్ ఆ స్కోరు మారేదాకా కాలు నేల మీద ఆననివ్వకుండా గెంతుతూనే ఉండేవాడు. ఒంటి కన్ను, ఒంటి చేయి, ఒంటి కాలు ఉన్న నౌకాధిపతి నెల్సన్ గుర్తుగా మూడు ఒకట్లు అంటారు. నిజానికి ఆయనకు రెండు కాళ్లూ భేషుగ్గా ఉండేవి. ఆస్ట్రేలియా వాళ్లకు ఇదేమీ పట్టదు, వాళ్ల భయం 87. వందకు పదమూడు తక్కువ కాబట్టి.

వలసపక్షి
కేప్‌టౌన్ టెస్టు చెప్పకుండా వదిలేశారే! 2011 నవంబరు 11, ఉదయం 11 గంటల 11 నిమిషాలు. గెలవడానికి దక్షిణాఫ్రికాకు కావాల్సిన పరుగులు సరిగ్గా 111. ప్రేక్షకులు ఒంటికాలి మీద లేచి నిలబడ్డారు, అంపైర్ ఇయాన్ గౌల్డ్ కూడా కాలెత్తాడు.

మూలకుర్చీ
వికెట్ పడలేదు. దక్షిణాఫ్రికా ఎనిమిది వికెట్ల తేడాతో హాయిగా గెలిచింది.

పిల్లిమీసం
అంతమంది కాలెత్తారు కాబట్టే పడలేదు!

లెక్కలమాష్టారు
ఈ వాదనను ఓడించడం ఎవరి తరమూ కాదు. జరిగితే శకునం నిజం, జరగకపోతే పరిహారం పనిచేసింది.

గాలివాటం
నాకు తెలిసి 13వ తేదీ శుక్రవారం భయానికి చారిత్రక కారణం ఉంది. 1307 అక్టోబరు 13, శుక్రవారం నాడు ఫ్రాన్సు రాజు టెంప్లర్లు అనే క్రైస్తవ యోధులను మూకుమ్మడిగా అరెస్టు చేయించాడు. అప్పటి నుంచి మొదలైంది.

లెక్కలమాష్టారు
అరెస్టులు నిజం, తేదీ నిజం, వారం నిజం. "అప్పటి నుంచి" ఒక్కటే నిజం కాదు. శుక్రవారానికి విడిగా, పదమూడుకు విడిగా చెడ్డపేరు పాతదే కానీ, రెండూ కలిసిన భయం పందొమ్మిదో శతాబ్దానికి ముందు రాతల్లో కనిపించదు. టెంప్లర్లను తర్వాతి వాళ్లు తెచ్చి అతికించారు.

ఇంకో తమాషా. మన క్యాలెండరు 400 ఏళ్లకోసారి తిరిగి మొదటికి వస్తుంది. ఆ 400 ఏళ్లలో 4,800 నెలలు, అంటే 4,800 సార్లు 13వ తేదీ. అందులో శుక్రవారం పడేవి 688. మిగతా ఏ వారానికీ ఇన్ని రావు. ఆది, బుధవారాలకు 687 చొప్పున, గురు, శనివారాలకు 684 చొప్పున వస్తాయి. ప్రతి ఏడాదికీ ఒకటి తప్పదు, మూడు మించవు. 2026లో మూడూ ఉన్నాయి: ఫిబ్రవరి, మార్చి, నవంబరు.

గాలివాటం
అయితే చంద్రుడి వైపు వెళ్లిన అమెరికా వ్యోమనౌక అపోలో 13 మాటేమిటి? 1970 ఏప్రిల్ 11న హూస్టన్ నియంత్రణ కేంద్రం గడియారం ప్రకారం 13 గంటల 13 నిమిషాలకు బయలుదేరింది, 13వ తేదీన ఆక్సిజన్ ట్యాంకు పేలింది.

వలసపక్షి
17వ తేదీన ముగ్గురూ క్షేమంగా సముద్రంలో దిగారు. ఇటలీ లెక్కన అది ఇంకా ఘోరమైన తేదీ.

కందిరీగ
ట్యాంకులో వేడిని అదుపుచేసే స్విచ్చులు 28 వోల్టులకు తయారైనవి. ప్రయోగానికి ముందు పరీక్షల్లో వాటి మీదకు 65 వోల్టులు వదిలారు. స్విచ్చులు అతుక్కుపోయాయి, లోపలి తీగల పైపూత కాలిపోయింది. పేలుడుకు దారితీసింది అది. ఆ వ్యోమనౌకకు ఏ నంబరు పెట్టినా పేలేదే. నంబరు మీద నెపం వేస్తే స్విచ్చు సంగతి ఎవరూ పట్టించుకోరు. నష్టమేమిటని పిల్లిమీసం గారు అడిగారు కదా, ఇది మొదటిది.

పిల్లిమీసం
స్విచ్చులు చూసేవాళ్లు చూశారు కదా! నేను పిల్లిని చూసి ఆగితే నాసా వాళ్లను ఎవరు ఆపారు? ఒక మాట అడుగుతాను, మీ కోపం పక్కన పెట్టి చెప్పండి. పరీక్షకు వెళ్లేటప్పుడు ఫలానా పెన్నే తీసుకెళ్లడం, పెద్ద పని ముందు ఫలానా చొక్కా వేసుకోవడం మీరెప్పుడూ చేయలేదా? అలా చేస్తే చేతి వణుకు తగ్గుతుంది. అదే నాకు దాని ఫలం.

పుస్తకాలపురుగు
దీని మీదా వాదన నడిచింది. 2010లో జర్మనీ పరిశోధకులు గోల్ఫ్ బంతి చేతికిస్తూ కొందరితో "ఇది అదృష్టం తెచ్చే బంతి" అన్నారు. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు గుంటలో వేశారు. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. 2014లో అమెరికాలో ఎక్కువమందితో అదే ప్రయోగం చేస్తే తేడా కనిపించలేదు. దాన్ని అంతగా ఎవరూ ఎత్తుకోలేదు.

బంతి సంగతి ఎలా ఉన్నా, వణుకు విషయంలో పిల్లిమీసం గారితో ఏకీభవిస్తాను. మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపాడు. అక్కడివాళ్లు తీరం లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రతంత్రాలూ చేయరు. అక్కడ ప్రమాదం లేదు, చేపలు ఖాయం. అదే మనుషులు బయటి సముద్రంలోకి వెళ్లాలంటే నానా క్రతువులూ చేస్తారు. తెలివి తక్కువై కాదు. పడవ నడపడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. చేతిలో ఉన్నంతవరకు నైపుణ్యం, చేయి దాటినచోట శకునం. బ్యాటు పట్టినవాడికీ, అత్యవసర విభాగంలో నర్సుకీ ఇన్ని పట్టింపులు ఎందుకో, గుమాస్తాకు ఎందుకు లేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఊసుపోక
గుమాస్తాలకు లేవని ఎవరు చెప్పారు? మా కార్యాలయంలో ప్రింటరును తట్టకుండా మీట నొక్కేవాడు లేడు.

రాత్రిపాళీ
పురుగు గారి మాట నిజమే. రోగి గుండె ఎప్పుడు ఆగుతుందో మా చేతిలో లేదు. ఆ ఒక్క మాట అనకుండా ఉండటం మా చేతిలో ఉంది.

కందిరీగ
సరే, వణుకు తగ్గే పెన్నులూ కుర్చీలూ వదిలేస్తాను. కానీ ఆ పట్టింపు మనిషి మీద పడ్డప్పుడు? జపాన్‌లో అరవై ఏళ్లకోసారి 'నిప్పు గుర్రం' సంవత్సరం వస్తుంది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ని మింగుతుందని నమ్మకం. 1966లో వచ్చింది. అప్పటికే బుల్లెట్ రైళ్లు నడుస్తున్న దేశం, ఒలింపిక్స్ నిర్వహించిన దేశం. అయినా ముందటి ఏడాదితో పోలిస్తే జననాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. మళ్లీ 2026లో అదే సంవత్సరం.

ఇంతకంటే దారుణం టాంజానియా, మలావీల్లో. పుట్టుకతో చర్మంలో రంగు లేని మనుషుల శరీర భాగాలు అదృష్టం తెస్తాయని నమ్మి వాళ్లను వేటాడారు, నరికారు. పిల్లలను కూడా. తమాషా ఏమిటంటే, అలాంటివారి హక్కుల కోసం ఐక్యరాజ్య సమితి ప్రకటించిన దినం జూన్ 13. అదృష్టం కోసం చేసే పని ఎవరికీ నష్టం కాదని నాతో అనకండి.

పిల్లిమీసం
ఆ మనుషుల గురించి చదివాను. నా పిల్లినీ దాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

కందిరీగ
ఒకే గాటన కట్టడం లేదు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో మీరు గీయండి, నేను ఒప్పుకుంటాను.

రాత్రిపాళీ
నేను గీస్తాను. ఆగేది నేనైతే సరే. ఎదుటివాణ్ని ఆపాల్సి వస్తే కాదు.

పిల్లిమీసం
నాకు సమ్మతమే. ఆ లెక్కన కూడా పిల్లి దాటి వెళ్లే స్వేచ్ఛ దానికుంది.

వలసపక్షి
నల్లపిల్లి ఎదురొస్తే శుభమనే వాళ్లూ ఉన్నారు, బ్రిటన్‌లో, జపాన్‌లో. దానికి మాత్రం ఏ దేశంలో ఉన్నా అవతలి గట్టుకు వెళ్లాలన్న ఆలోచన తప్ప ఇంకేమీ ఉండదు.

నిదానమే_ప్రధానం
తత్వం బాగుంది. బేరసారాల్లోకి రండి. బ్రసెల్స్ ఎయిర్‌లైన్స్ మొదట 13 చుక్కలతో చిహ్నం గీయించుకుంది. ప్రయాణికులు గోల చేసేసరికి పద్నాలుగో చుక్క చేర్చింది. లుఫ్తాన్సా విమానాల్లో 13వ వరుసా ఉండదు, 17వదీ ఉండదు. వాళ్లంతా నమ్మి చేశారా? నమ్మే ప్రయాణికుడి డబ్బు కోసం చేశారు. కందిరీగ గారు ఎంత కోప్పడినా నమ్మకానికి మార్కెట్లో ధర ఉంటుంది.

సందేహాలరావు
సమావేశం అయింది. నిప్పుకోడి గారి మాటలు యథాతథంగా చెప్పాను, "పన్నెండే" ముక్కతో సహా. సంఘం కార్యదర్శి వెంటనే ఒప్పుకున్నారు. వాళ్ల అమ్మగారికి అంబులెన్సు పిలిచినప్పుడు నంబరు తికమకైందట. పలక మీద 13 ఉంటుంది. పక్కింటాయన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు లేదు. నమ్మకం లేనివాణ్ని, అయినా మార్చనని ఎందుకు పట్టుబట్టినట్టు?

లెక్కలమాష్టారు
న్యూయార్కులో 1880లలో పదమూడుమంది క్లబ్బు ఒకటి పెట్టుకున్నారు. పదమూడుమందేసి ఒక బల్ల దగ్గర కూర్చోవడం, నిచ్చెన కింద నుంచి లోపలికి రావడం, కావాలని ఉప్పు ఒలకబోయడం వాళ్ల నియమాలు. నమ్మకాలను వెక్కిరించడానికి పెట్టినదే, కానీ ఆ నియమాలను ఎంత నిష్ఠగా పాటించేవారో! మీరూ ఆ కోవలో చేరారేమో చూసుకోండి.

సందేహాలరావు
అబ్బే, నిచ్చెన ఎక్కడానికే భయం నాకు, కింద నుంచి వెళ్లడం దాకా ఎందుకు.

నిదానమే_ప్రధానం
పలక ఉండిపోతే ఉండిపోనివ్వండి. అమ్మాలనుకున్నప్పుడు మాత్రం నాకు చెప్పండి, కొంత తగ్గించుకోవలసి వస్తుంది.

కందిరీగ
అమ్మితే నేను కొంటాను. ఎంత తగ్గిస్తారు?

నిదానమే_ప్రధానం
మీకెందుకు తగ్గించాలి? నంబరుకు విలువ లేదన్నది మీరే కదా! పూర్తి ధర ఇవ్వండి.

కందిరీగ
మార్కెట్లో ధర ఉంటుందన్నది మీరు.

తుంటరి
పిల్లిమీసం గారు కూడా చూడటానికి వస్తే బేరం బాగా కుదురుతుంది. గుమ్మం దగ్గర ఆగి నిలబడితే చాలు, ఇంకో పది శాతం దిగుతుంది.

పిల్లిమీసం
వస్తాను. దారిలో ఏదీ అడ్డురాకపోతే.